డోర్నకల్ బిషప్ అజరయ్య: తెలుగు నేర్చుకొని తెలుగు సంఘాలను నిలబెట్టిన గురువు

వేదనాయగం శామ్యూల్ అజరయ్య (1874–1945) ఆంగ్లికన్ క్రైస్తవ సంఘంలో బిషప్ పదవిని పొందిన తొలి భారతీయుడు. తమిళనాట జన్మించి, ముప్పై అయిదేళ్ల వయస్సులో తెలుగుదేశానికి వచ్చి, ఆ భాష నేర్చుకొని, మరణించేవరకు తెలుగు పల్లెలలోనే పనిచేశారు. ఆయనకు కేంద్రస్థానం డోర్నకల్. అది నాడు నిజాం రాజ్యంలో ఉండేది. నేడు తెలంగాణలోని మహబూబాబాదు జిల్లాలో ఉంది.

రామాలయ కమిటీలో పనిచేసేవాడు ఒక క్రైస్తవ గురువును గురించి వ్రాయడమేమిటని పాఠకులు కొందరు అడుగవచ్చు. భద్రాచల యాత్రకు రైలులో వెళ్లిన మన మలేషియా తెలుగువారిలో చాలామంది డోర్నకల్ జంక్షను మీదుగానే పోయి ఉంటారు. విజయవాడ–కాజీపేట మార్గం నుండి భద్రాచలం రోడ్డు స్టేషనుకు పోయే శాఖ అక్కడే చీలుతుంది. నేను కూడా ఆ దారిన పోయినవాడినే. ప్లాట్‌ఫారం మీద టీ త్రాగి, మరల రైలెక్కి వెళ్లిపోయాను. ఆ ఊరికి ఇంత చరిత్ర ఉన్నదని అప్పుడు నాకు తెలియదు. తరువాత తెలుసుకున్నకొద్దీ, అజరయ్యగారి అనుభవం మన ఆలయాల స్థితికి ఎంతో దగ్గరగా ఉన్నట్లు తోచింది. ఆయన కూడా మనలో చాలామంది వలె తమిళం మాట్లాడుతూ పెరిగి, పెద్దయిన తరువాత తెలుగు నేర్చుకున్నవారు.

జననం, విద్య

అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లాలోని వెల్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ పల్లె సంఘానికి గురువు. వారిది తాటిచెట్లెక్కి కల్లు గీయడం, బెల్లం వండడం వృత్తిగా గల నాడార్ కులం. తండ్రి 1889లో గతించగా తల్లి ఎల్లెన్ కుమారుని పెంచి పెద్దచేశారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గాని పట్టా చేతికి రాలేదు. చివరి పరీక్షల వేళ జబ్బుపడి గణిత పరీక్ష వ్రాయలేకపోయారు. మాధ్యమిక విద్యతోనే ఆగిపోయిన నావంటివానికి ఈ చిన్న సంగతి కొంత ఊరట కలిగిస్తుందని ఒప్పుకోవలసిందే.

1895 నుండి పద్నాలుగు సంవత్సరాలు వై.ఎం.సి.ఏ. సంస్థలో కార్యదర్శిగా దక్షిణాదంతా తిరిగారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడారు. 1902లో యాళ్పాణానికి వెళ్లినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో ఇతర ప్రాంతాలకు ప్రచారకులను పంపడం చూశారు. తిరునెల్వేలి సంఘం అంతకంటె పెద్దది, పాతది. అయినా ఆ పని చేయడం లేదు. ఆ సిగ్గుతోనే 1903 ఫిబ్రవరిలో కొందరు మిత్రులతో కలిసి తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘాన్ని స్థాపించారు. మనుషులు భారతీయులే కావాలి, ధనం భారతీయులదే కావాలి, నిర్వహణ కూడా భారతీయులదే కావాలి అన్నది దాని నియమం. తెల్లదొరల ధనంతో, తెల్లదొరల ఆజ్ఞలతో క్రైస్తవ సంఘాలు నడుస్తున్న కాలంలో ఇది సామాన్యమైన నియమం కాదు. 1905లో సెరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడినప్పుడు కూడా ఆయన ముందున్నారు.

డోర్నకల్‌కు రాక

తిరునెల్వేలి సంఘం తన పనికి ఎన్నుకున్న చోటు డోర్నకల్ పరిసరాలు. ఇతరులను పొమ్మని ప్రోత్సహించి తాను మాత్రం మద్రాసులో కూర్చోవడం తగదని అజరయ్యగారికి తోచింది. 1909లో గురువుగా అభిషేకం పొంది, మంచి ఉద్యోగం విడిచి, కుటుంబంతో సహా అక్కడికి తరలివచ్చారు.

ఇక్కడ మన చరిత్రతో ఒక పోలిక ఉంది. సరిగా ఆ సంవత్సరాలలోనే మలయాలో రబ్బరు ధర ఆకాశానికి ఎక్కింది. విశాఖపట్టణం, శ్రీకాకుళం, గోదావరి ప్రాంతాల నుండి కంగాణీలు మన పెద్దలను ఓడలెక్కించి తెచ్చారు. (కంగాణి అంటే ఊరికి వచ్చి కూలీలను కూడగట్టి తోటకు తీసుకొనిపోయే మేస్త్రీ.) 1910లో ఒప్పంద కూలీ పద్ధతి రద్దయినా, కంగాణి పద్ధతి 1938లో భారత ప్రభుత్వం నిషేధించేవరకు సాగింది. 1921 జనాభా లెక్కల నాటికి మలయాలో తెలుగువారు దాదాపు 40 వేలమంది. భూమిలేని బీద కూలీలు కొందరు సముద్రం దాటుతున్నారు. అటువంటివారే మరికొందరు ఉన్న ఊళ్లోనే మరొక మార్గం వెదుక్కుంటున్నారు. అజరయ్యగారు ఎవరి మధ్య పనిచేశారో వారు ఈ రెండవ తెగవారు. ఎక్కువమంది మాల, మాదిగ కులాలవారు. ఊరి బావి నీళ్లు ముట్టరాదు, గుడి లోపలికి పోరాదు అన్న కట్టుబాట్లలో బ్రతికినవారు.

తమిళుడైన గురువుకు తెలుగు కొత్త. తమిళానికి, తెలుగుకు చాలా మాటలు చుట్టరికం గలవే అయినా, మహాప్రాణాలు పలకడం, ‘ళ’కు ‘ల’కు తేడా పాటిస్తూనే ‘ఖ’, ‘ఘ’, ‘ధ’, ‘భ’ స్పష్టంగా అనడం తమిళ నాలుకకు ఎంత కష్టమో మన ఆదివారపు తెలుగు తరగతిలో కూర్చున్న వారందరికీ తెలుసు. ఆయన దుబాసీని పెట్టుకొని కాలం గడపలేదు. తెలుగులోనే బోధించారు, తెలుగులోనే తగవులు తీర్చారు.

1910లో స్కాట్లండులోని ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో ఆయన చేసిన ప్రసంగం ప్రసిద్ధమైనది. విదేశీ మిషనరీలు త్యాగం చేశారు, ధనం ఇచ్చారు. కాని భారతీయులను సమానులుగా చూచి స్నేహం చేయలేదు అని నిండు సభలో చెప్పారు. తమకు స్నేహితులు కావాలని అడిగారు. ఆ మాటకు సభలో కొందరు నొచ్చుకున్నారు. రెండు సంవత్సరాల తరువాత, 1912 డిసెంబరు 29న, కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయనకు బిషప్‌గా అభిషేకం జరిగింది. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ దీనికి ఎంతో పట్టుబట్టారు. భారతీయుని క్రింద పనిచేయడమా అని కొందరు ఐరోపా మిషనరీలు, ఇతనికి ఎందుకు అని తిరునెల్వేలిలో కొందరు స్వదేశీయులు కూడా అడ్డుచెప్పారు. మొదట చిన్నదిగా ఉన్న డోర్నకల్ అధ్యక్ష మండలంలో తరువాత కృష్ణా, కర్నూలు ప్రాంతాల సంఘాలు కూడా చేరాయి. (అధ్యక్ష మండలం అంటే ఒక బిషప్ అధికారం క్రింద ఉండే సంఘాలన్నీ కలిసిన ప్రాంతం.)

పల్లె సంఘం నడిచిన తీరు

అజరయ్యగారి పని చర్చి భవనాలతో మొదలు కాలేదు. ఒక పల్లెలో కొన్ని కుటుంబాలు కలిసి తమకు బోధ కావాలని అడిగితే, ముందు ఒక ఉపదేశిని పంపేవారు. ఉపదేశి అంటే అభిషేకం పొందని బోధకుడు. సాధారణంగా ఆ ప్రాంతపు మనిషే, కొద్దిపాటి చదువు, శిక్షణ పొందినవాడు. అతడు పగలు పిల్లలకు అక్షరాలు చెప్పేవాడు. సాయంకాలం పొలం నుండి పెద్దలు తిరిగివచ్చాక ప్రార్థన నడిపేవాడు. ఆ పెద్దలలో అధికులకు చదువు రాదు. కనుక ముఖ్యమైన ప్రార్థనలు, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం వారు నోటికి నేర్చుకోవాలి. పాటలు కూడా అంతే. అవి ఇంగ్లీషు రాగాల తర్జుమాలు కావు. పంతొమ్మిదవ శతాబ్దపు పురుషోత్తమ చౌదరి మొదలైనవారు మన రాగతాళాలలో కట్టిన కీర్తనలు. తాళం, డప్పు, భజన గుండ్రం, కోలాటం వంటివాటిని ఆయన త్రోసివేయలేదు. జాతరకు పోవద్దని ఊరికే చెప్పక, ఆ రోజులలో సంఘానికి తనదైన ఉత్సవం ఉండాలన్నారు.

బాప్తిస్మం పొందేవారి చేత ఆయన చేయించిన ఒక పని ఉంది. ప్రతివాడు తన చేతిని తన తలపై పెట్టుకొని, తాను విన్నదానిని ఇతరులకు చెప్పకపోతే తనకే కీడు అని పలకాలి. అక్షరం రాని కూలీ కూడా ఆ మాట అనాలి. దాని అర్థం, సంఘం పని జీతగాడైన గురువుది మాత్రమే కాదని. నిజానికి ఆ పల్లెలలో క్రొత్త కుటుంబాలు చేరడానికి కారణం చాలామటుకు బంధువులు, పొరుగువారే. బయటి ప్రచారకులు కారు.

ధనం విషయంలో ఆయన పట్టుదల మరింత గట్టిది. బీదవాడు కనుక ఇవ్వలేడన్న వాదనను ఆయన ఒప్పుకోలేదు. ఇంట అన్నం వండే ముందు ఇల్లాలు పిడికెడు బియ్యమో జొన్నలో తీసి వేరుగా కుండలో వేయాలి. అది సంఘానికి చెందుతుంది. కోతల వేళ కృతజ్ఞతా పండుగకు ధాన్యం, కోళ్లు, గుమ్మడికాయలు తెచ్చేవారు. వాటిని వేలం వేసి వచ్చిన డబ్బును గురువుల పోషణకు ఉపయోగించేవారు. దానం గురించి ఆయన ఇంగ్లీషులో ఒక పుస్తకమే వ్రాశారు. ఇవ్వడం వలన బీదవానికి గౌరవం వస్తుందన్నది ఆయన నమ్మకం. ఎల్లప్పుడు పుచ్చుకొనే చేయి తల ఎత్తలేదు.

మద్యపానాన్ని ఆయన తీవ్రంగా వ్యతిరేకించారు. కల్లు గీసే కులంలో పుట్టినవారి నోట ఆ మాట రావడం వలన దానికి బలం వచ్చింది. తోట పక్కనే ఎస్టేటు కల్లుదుకాణం ఉండి, జీతం రోజున సగం కూలి అక్కడే ఆగిపోయిన కథలు మన ఇళ్లలో అందరూ విన్నవే కనుక దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

భార్య అన్బు మరియమ్మాళ్ స్త్రీల పనిని చూచుకున్నారు. ఉపదేశి భార్యకు కూడా చదువు, శిక్షణ ఇవ్వాలన్నది డోర్నకల్ పద్ధతి. పల్లెలో ఆమెను చూచే మిగిలిన స్త్రీలు నేర్చుకునేవారు. భర్తకు మాత్రమే శిక్షణ ఇచ్చి పంపిన చోట సగం పనే జరిగిందని అనుభవం మీద తెలుసుకున్నారు.

బిషప్‌గా ఆయన సంవత్సరంలో చాలా భాగం ప్రయాణంలోనే గడిపేవారు. రైలు పోయినంత దూరం రైలు, ఆపైన ఎద్దుబండి. పల్లె చేరగానే డప్పులతో ఎదురువచ్చేవారు. ఆయన ముందుగా పిల్లలను, పెద్దలను పాఠం అప్పజెప్పమనేవారు. పరీక్ష తరువాతే మిగిలిన కార్యక్రమం. 1930ల నడుమ నాటికి ఆయన మండలంలో భారతీయులైన గురువులు సుమారు 250 మంది, పల్లె ఉపాధ్యాయులు 2,000కు పైగా ఉన్నారు. సంఘ సభ్యుల సంఖ్య లక్షలలోకి చేరింది. మాల, మాదిగ పేటలలో వచ్చిన మార్పు — శుభ్రత, చదువు, తాగుడు మానడం — చూచి, ఆ తరువాతి కాలంలో కొందరు ఇతర కులాలవారు కూడా చేరారు.

లయంలోని రామాలయం

ఇక్కడ కాస్త మన వైపు తిరుగుతాను. నేను పుట్టింది దిగువ పేరాక్‌లోని ఒక తోటలో. మా లయాల చివర రేకుల కప్పుతో ఒక రామమందిరం ఉండేది. (లయం అంటే తోట కూలీల ఇళ్ల వరుస.) పూజ చేసే తాతయ్య వేకువనే పెరట్టుకు, అనగా హాజరు పిలిచే చోటికి, అందరితోపాటు వెళ్లి రబ్బరు చెట్లకు గాట్లు పెట్టేవారు, మధ్యాహ్నం పాలు తూకం వేయించి, స్నానం చేసి దీపం పెట్టేవారు. ఆయనకు శాస్త్రం తెలియదు. మంత్రాలు నాలుగైదే వచ్చు. కాని శనివారం రాత్రి భజనలో మా నాన్న మృదంగం, పక్కింటి మామయ్య తాళాలు, ఆడవాళ్లది హారతి పాట. శ్రీరామనవమి పానకానికి బెల్లం ఏ ఇల్లు, మిరియాలు ఏ ఇల్లు ఇవ్వాలో అందరికీ తెలుసు. పిల్లలం మేము తెలుగు నేర్చుకున్నది అక్కడే. ఏ బడిలోనూ కాదు.

తోట చేతులు మారింది. రబ్బరు పోయి పామాయిల్ వచ్చింది; జనం పట్టణం చేరారు. ఇప్పుడు మా ఆలయం సిమెంటు కట్టడం, గోపురం ఉంది, భారతదేశం నుండి పర్మిట్ మీద వచ్చిన అర్చకస్వామి ఉన్నారు. ఆయన పని శ్రద్ధగానే చేస్తారు; ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. కాని ఆయన పూజ చేస్తుంటే మేము చేతులు కట్టుకొని నిలబడతాం. ఉభయదారులు డబ్బు చెల్లించి పేరు చదివించుకుంటారు. ప్రకటనలు తమిళంలో. భజన పాడించడానికి మనిషి దొరకక ఒక సంవత్సరం నవమికి స్పీకరులో రికార్డు పెట్టాము. కమిటీలో పద్దెనిమిది సంవత్సరాలుగా నేనూ ఉన్నాను కనుక ఈ తప్పులో నా పాలు కూడా ఉంది. మా సమావేశాలలో మేము మాట్లాడినది గోపురం రంగు, కుంభాభిషేకం ఖర్చు, ఉభయాల పట్టిక. ఎవరికి పాట వచ్చు, ఎవరికి రాదు అని ఒక్కనాడు లెక్క వేయలేదు.

అజరయ్యగారి పల్లెసంఘాన్ని, మా పాత లయపు మందిరాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే, మతం వేరైనా నడక ఒకటేనని నాకు అనిపిస్తుంది. అక్కడ గురువు పని, జనానికి పని నేర్పడం. మాకు తాతయ్య ఆ పని తెలియకుండానే చేశారు. ఆయన తరువాత దానిని ఎవరూ తెలిసి చేయలేదు.

వివాదాలు

ఆయన జీవితాన్ని పొగడ్తగా మాత్రమే వ్రాస్తే అది సరికాదు. మూకుమ్మడిగా జరిగిన మతమార్పిడులను గాంధీజీ గట్టిగా వ్యతిరేకించారు. బీదల అవసరాన్ని ఆసరా చేసుకోవడం న్యాయం కాదన్నది గాంధీజీ వాదన. తమ మార్గం తామే ఎన్నుకునే తెలివి, హక్కు ఆ బీదలకు ఉన్నాయన్నది అజరయ్యగారి జవాబు. 1935 తరువాత, అంబేడ్కర్ హిందూమతాన్ని విడుస్తానని ప్రకటించిన కాలంలో, ఈ వాదం మరింత పెరిగింది. హిందువుగా నేను మతమార్పిడిని మెచ్చుకోలేను. అయితే గుడి తలుపు మూసినవారెవరు అన్న ప్రశ్నను దాటి ఆ వాదాన్ని చదవడం కూడా నాకు సాధ్యం కాలేదు. మలయాకు వచ్చిన మన పెద్దలలో ఆ మూసిన తలుపు బయట నిలిచినవారు లేరా?

క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇస్తామని ప్రభుత్వం అన్నప్పుడు మాత్రం ఆయన వద్దన్నారు. తమ జనం దేశ జనంలో ఒకరుగా ఉండాలి గాని ఒక మూల విడిగా ఓట్లు లెక్కించుకోరాదని వాదించారు. దీనివలన సొంత మతస్థులలోనూ కొందరికి దూరమయ్యారు.

ఆయన సంఘాలలో మాల, మాదిగ భేదం పూర్తిగా పోలేదన్నది కూడా చెప్పవలసిన మాటే. ఒకే పాత్రనుండి ప్రసాదం పుచ్చుకున్నా, పెళ్లి సంబంధాల దగ్గరకు వచ్చేసరికి పేటలు రెండుగానే నిలిచాయి.

కథీడ్రల్, చివరి సంవత్సరాలు

డోర్నకల్‌లోని ఎపిఫనీ కథీడ్రల్ కట్టడానికి చాలా సంవత్సరాలు పట్టింది. 1939 జనవరి 6న దాని ప్రతిష్ఠ జరిగింది. ఇంగ్లండులోని చర్చి వలె మొనదేలిన శిఖరం దానికి లేదు. గుమ్మటాలు మసీదును, చెక్కిన రాతిస్తంభాలు ఆలయ మంటపాన్ని గుర్తుకు తెస్తాయి. లోపలికి అడుగుపెట్టిన తెలుగు రైతుకు ఇది పరాయిచోటు అనిపించరాదన్నదే ఆయన ఉద్దేశం.

వివిధ ప్రొటెస్టెంటు శాఖలను ఒక్కటి చేయాలని 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశం నుండి ఆయన శ్రమించారు. పల్లెలో ఇంగ్లీషువారి పాత తగవులు మనకెందుకు అన్నది ఆయన ప్రశ్న. ఆ కల ఫలించి దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడింది. అజరయ్యగారు దానిని చూడలేదు. పల్లెల పర్యటన నుండి జ్వరంతో తిరిగివచ్చి, 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. సమాధి కథీడ్రల్ ఆవరణలో ఉంది. నేటికీ ఆ మండలం దక్షిణ ఇండియా సంఘంలో భాగంగా డోర్నకల్ పేరుతోనే నడుస్తున్నది. విజయవాడ మొదలైన ఊళ్లలో ఆయన పేరిట పాఠశాలలు ఉన్నాయి.

యాత్రికులకు సూచన

భద్రాచలం పోదలచినవారు విజయవాడ నుండి గాని వరంగల్లు నుండి గాని డోర్నకల్ జంక్షను చేరవచ్చు. ఖమ్మం, మహబూబాబాదు స్టేషన్ల నడుమ ఇది వస్తుంది. అక్కడినుండి శాఖామార్గంలో కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్డు స్టేషనుకు పోవాలి. ఆపైన రాముని సన్నిధికి సుమారు నలభై కిలోమీటర్లు రోడ్డు ప్రయాణం. రైలు మారే వ్యవధి రెండు గంటలుంటే కథీడ్రల్ చూచి రావచ్చు. ఆదివారం ఉదయమైతే తెలుగు కీర్తనలు వినబడతాయి. పాడేది గాయకబృందం ఒక్కటే కాదు, కూర్చున్నవారంతా.

మా ఆలయంలో ఈ సంవత్సరం నుండి శనివారం భజనకు ముందు అరగంట పాట నేర్పడం మొదలుపెట్టాము. తొలి వారం ఏడుగురు వచ్చారు. వారిలో నలుగురు పాటను తమిళ లిపిలో వ్రాసుకున్నారు. వ్రాసుకోనిమ్మన్నాను.